లూర్దమ్మ చేపలు

లూర్దమ్మ చేపలు తమ పిల్లల్ని తినలేదు. తిన్నాయని చెప్పినవాళ్ళు అబద్ధం చెప్పారు. చెప్పింది పరాయివాళ్ళు కాదు, ఆమె తోడబుట్టిన తమ్ముడు రాజ్ కిరణ్, అతని భార్య పెర్సిస్. ఈ రెండు సంగతుల్లోనూ సువార్తరావుకు ఆవగింజంత అనుమానం లేదు.

సువార్తరావుది రాజోలు పక్క పల్లెటూరు. అక్కడి బడిలో చదువుకుని, ఐటీఐ చేసి, ఖతర్‌లో రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంట్ పనికి చేరాడు. కాపురం అల్ ఖోర్‌లో, ఒక పాత బిల్డింగు పై అంతస్తులో. భార్య లూర్దమ్మ ఒక ప్రైవేటు ఆసుపత్రి ప్రసూతి వార్డులో నర్సు. వాళ్ళకు పిల్లలు లేరు. ఆ సంగతి ఈ కథకు అక్కర్లేదు. తర్వాత ఒక పాస్టరుగారికి అక్కరకొచ్చింది కాబట్టి చెప్పాల్సి వచ్చింది.

హాల్లో గోడవారన నిలువెత్తు స్టాండు మీద గాజు తొట్టి లూర్దమ్మది. అందులో ఏంజెల్ చేపల జంట. చూడ్డానికి గాలిపటాల్లా ఉంటాయవి. పలకలాంటి పలచటి ఒళ్ళు, పైకీ కిందికీ చాచిన రెక్కలు, వెండి ఒంటి మీద నల్ల చారలు, గొంతు కింద వేలాడే రెండు పొడుగాటి మీసాలు. ఆడదానికి ఒకటే మీసం. రెండోది చిన్నప్పుడు ఫిల్టర్లో ఇరుక్కుని మొదలంటా తెగిపోయింది, మళ్ళీ రాలేదు. దాన్ని లూర్దమ్మ ఒంటిమీసం అని పిలిచేది.

"ఆడదానికి ఒక్క మీసమే ఎక్కువలెండి," అనేది నవ్వుతూ.

ఆ జంట గుడ్లు పెట్టేది. తొట్టిలో వెడల్పాకు మొక్క ఉంది. ఆ ఆకు మీద ముగ్గు చుక్కల్లా వరసగా పెట్టేది ఆడది. వెనకాలే వచ్చి మగది తడిపేది. రెండూ చెరో పక్కా నిలబడి రెక్కలతో విసురుతూ కాపలా కాసేవి. తెల్లారేసరికి ఆకు ఖాళీ. ఎవరూ దొంగిలించలేదు, అవే తినేసేవి. అలా ఒకసారి కాదు, పెట్టిన ప్రతిసారీ.

దోహా సూక్ బజార్లో చేపలమ్మే మలబారీ చెప్పాడు, గుడ్లు పెట్టగానే ఆకు తుంచి వేరే సీసాలో వేసుకోవాలి, బూజు పట్టకుండా నీలంమందు చుక్కలు వేసి గాలి గొట్టం పెట్టాలి, ప్రపంచమంతా అలాగే పెంచుతారు అని. లూర్దమ్మ వినలేదు.

"పుట్టకుండానే అమ్మానాన్నల దగ్గర్నించి లాగేస్తే, వాటికి పెంచడం ఎప్పుడొస్తుందండీ?"

"తినేస్తున్నాయి కదే."

"తిననివ్వండి. నేర్చుకుంటాయి. మా వార్డుకొచ్చి చూడండి, మొదటి బిడ్డని ఎత్తుకోవడం ఏ తల్లికొచ్చు? మెడ కింద చెయ్యి పెట్టడం మేమే నేర్పాలి."

ఈ మాట మీద పెర్సిస్ కూడా ఎన్నోసార్లు వేళాకోళం చేసింది. "వదినా, నీ చేపలకి గుడ్లు పెట్టడం ఎందుకో, మళ్ళీ మింగడం ఎందుకో. ఆమ్లెట్ మీద అంత మోజుంటే మనమే వేసి పెడదాం." లూర్దమ్మ నవ్వి ఊరుకునేది. ఊరుకుంది గాని ఆకు మాత్రం తుంచనివ్వలేదు.

లూర్దమ్మ డ్యూటీలో ఉండగానే కూలిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. శవపెట్టెతో పాటు సువార్తరావు ఊరికి వెళ్ళాడు, మట్టి వేసి తిరిగొచ్చాడు. ఇక్కడ ఆమెకు సమాధి లేదు. వెళ్ళి నిలబడి ఒక మాట చెప్పుకుందామంటే చోటు లేదు. ఉన్నది ఆ తొట్టి ఒక్కటే.

ఎండలు ముదిరాక ఆ జంట మళ్ళీ గుడ్లు పెట్టింది. తెల్లారి చూస్తే ఆకు మీద గుడ్లు అలాగే ఉన్నాయి. మర్నాడూ ఉన్నాయి. బూజు పట్టిన గుడ్డును ఒంటిమీసం మూతితో ఏరి పారేస్తోంది, మంచివాటి జోలికి పోవడం లేదు. తర్వాత గుడ్లు తోకలయ్యాయి. ఆకుకు అతుక్కుని తోకలు ఆడించే పిల్లలు. ఒకటి జారి కిందపడితే మగది నోట్లోకి తీసుకుంది. మింగలేదు. తెచ్చి ఆకు మీద ఉమ్మింది, అంతే.

కొన్నాళ్ళకు ఆ పిల్లలన్నీ ఆకు వదిలి ఈదాయి. దుమ్ములాంటి గుంపు. గుంపుకు ముందు మగది, వెనక ఒంటిమీసం. సువార్తరావు కుర్చీ లాక్కుని తొట్టి ముందే అన్నం తిన్నాడు. ఆ రోజు నుంచీ అక్కడే తిన్నాడు.

"నువ్వే గెలిచావే లూర్దూ," అన్నాడు.

వాటి మేత కోసం ఒక ప్లాస్టిక్ సీసాలో ఉప్పునీళ్ళు పోసి ఆర్టీమియా గుడ్లు పొదిగించేవాడు. మన గోదావరి రొయ్యల హేచరీల్లో వాడేదే. కంటికి ఆనని ఎర్రటి పురుగులు. అవి తిని పిల్లల పొట్టలు కుంకుమ రంగుకు తిరిగేవి.

అంతలో ప్లాంటులో షట్‌డౌన్ వచ్చింది. షట్‌డౌన్ అంటే ప్లాంటు ఆపి రిపేర్లు చేయడం. అన్నాళ్ళూ క్యాంపులోనే ఉండాలి, ఇంటికి రావడం కుదరదు. కాదంటే ఉద్యోగం కాదన్నట్టే. అప్పుడు రాజ్ కిరణ్ తనంతట తనే అన్నాడు.

"మేం వచ్చి మీ ఇంట్లో ఉంటాం బావగారూ. దోహా నజ్మాలో మా గది మీకు తెలుసు కదా, మంచానికీ గోడకీ మధ్య మనిషి పక్కకి తిరిగి నడవాలి. పెర్సిస్ పనిచేసే స్కూలుకీ సెలవులే. అక్క చేపలంటే మాకూ ప్రాణమే."

ప్రాణమే అన్నాడు. ఆ మాట గుర్తుపెట్టుకోవాలి.

ఖతర్‌లో ఎండాకాలం చన్నీళ్ళ కుళాయిలో మరిగే నీళ్ళు వస్తాయి. డాబా మీది ట్యాంకు పొద్దెక్కేసరికి పొయ్యి మీద కాగు అయిపోతుంది. అందుకని ఇక్కడ ఇంటింటా చేసేది ఒకటే. గీజర్ ఆపేస్తారు. ఇంట్లో నీడపట్టున నిలవున్న గీజర్ నీళ్ళు చల్లబడతాయి. ఎర్ర గుర్తున్న కుళాయి తిప్పితే చన్నీళ్ళు, నీలం గుర్తున్నది తిప్పితే వేన్నీళ్ళు. కొత్తగా దిగినవాడు ఒకసారి చెయ్యి కాల్చుకుని నేర్చుకుంటాడు. రాజ్ కిరణ్ కొత్తవాడు కాదు.

సువార్తరావు ఎర్ర కుళాయికి సన్నటి గొట్టం బిగించి హాల్లోకి లాగాడు. మురికినీళ్ళు కొంచెం తోడేసి, ఆ గొట్టం తొట్టిలో వేసి, సన్నగా వదలాలి. పెర్సిస్ చేత రెండుసార్లు చేయించాడు. గీజర్ స్విచ్చి మీద నల్లటేపు అడ్డంగా, నిలువుగా అంటించాడు. రాస్ లఫాన్‌లో ఏ స్విచ్చి ఆపినా దాని మీద పేరు రాసిన ట్యాగు కడతారు. కట్టినవాడే విప్పాలి. ఇంకొకడు విప్పితే ఆ సాయంత్రమే గేటు బయట ఉంటాడు. ఎందుకంటే ఆ స్విచ్చి అవతల ఒక మనిషి చేతులు ఉంటాయి.

"ఈ టేపు నేనేసింది. నేనే తీస్తాను. ఎవరూ ముట్టుకోవద్దు," అన్నాడు.

"అయ్యో అన్నయ్యగారూ, అంతగా చెప్పాలా," అంది పెర్సిస్.

క్యాంపులో అతని పక్క మంచం గంగన్నది. జగిత్యాల మనిషి. పెర్సిస్ రోజూ వీడియో పంపేది. సువార్తరావు ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసేవాడు. గంగన్న తొంగి చూశాడు.

"ఏందన్నా గివి, దోమ పిల్లలా?"

"చేప పిల్లలు."

"గింత లేవు, గిన్నిసార్లు చూస్తున్నవ్. మా అవ్వకు చూపిస్త పంపు, దుబాయ్ల చేపలు గిట్ల పిల్లల్ని ఎంటేసుకొని తిరుగుతయని. మా ఊర్లె మనుషులే తిరుగుతలేరు."

సువార్తరావు నవ్వాడు. లూర్దమ్మ పోయాక అతను నవ్వడం గంగన్న చూడడం అదే మొదటిసారి.

తర్వాత వీడియోలు ఆగిపోయాయి. నెట్ బాగాలేదన్నారు. అటు తర్వాత రాజ్ కిరణ్ దగ్గర్నించి ఒక వాయిస్ మెసేజ్. "బావగారూ, బాధపడకండి. పెద్దవి పిల్లల్ని తినేశాయండి. ఒక్కటి కూడా మిగల్లేదు. పొద్దున లేచేసరికే. పెద్దవి రెండూ బాగానే ఉన్నాయి. చేపల బుద్ధి అంతే కదండి."

సువార్తరావు నమ్మాడు. ఎందుకు నమ్మడు? అంతకుముందు ప్రతిసారీ తిన్నాయి. చెప్పింది ఇంటి మనిషి. అతను మంచం మీద కూర్చుని, గోడ వైపు తిరిగి, పైకే అన్నాడు.

"నీ నమ్మకం ఇంతే లూర్దూ. నీకేం తెలీదు."

గంగన్న విన్నాడు. టీ తెచ్చి పెట్టాడు. షట్‌డౌన్ అయ్యేదాకా సువార్తరావు ఆ చేపల మీద కోపంతోనే పనిచేశాడు. వెళ్ళగానే ఎవరికో ఒకరికి ఇచ్చేయాలనుకున్నాడు. ఆమె పద్ధతి తప్పని, ఆ మలబారీ మాటే నిజమని, ఆకు తుంచి ఉంటే పిల్లలు బతికేవని పదేపదే అనుకున్నాడు. చచ్చిపోయిన మనిషితో వాదించి గెలిచాడు. అలా గెలిపించినవాళ్ళను ఏమనాలి?

శుక్రవారం మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి ఇల్లు నిండుగా ఉంది. సోఫాలో, సువార్తరావు లుంగీ కట్టుకుని, ఒక పెద్దాయన కూర్చున్నాడు. భీమవరం నుంచి ప్రార్థన కూడికల కోసం వచ్చిన పాస్టరుగారట. ఈ ఇంట్లోనే దిగాడట. దించేముందు ఇంటివాణ్ణి ఒక మాట అడగాలని ఎవరికీ తోచలేదు. వంటింట్లోంచి కోడి పులుసు వాసన వస్తోంది.

"రండి బ్రదర్, రండి. మీ గురించి కిరణ్ బ్రదర్ అంతా చెప్పారు," అన్నాడు పాస్టరుగారు, అతని ఇంట్లోకి అతన్నే ఆహ్వానిస్తూ. "అలసిపోయారు. కూర్చోండి. ఈ చేపలు చూస్తుంటే నాకో ప్రసంగం తోచింది."

తొట్టిలో రెండు ఏంజెల్ చేపలు ఎదురెదురుగా ఉన్నాయి. ఒకదాని మూతి ఒకటి పట్టుకున్నాయి.

"మూగజీవాలు కూడా జంటగా ఎంత ప్రేమగా ఉన్నాయో చూడండి. ఒంటరి బతుకు మంచిది కాదు బ్రదర్. మీకు పిల్లలూ లేరు. మా పినతండ్రిగారి అమ్మాయి ఉంది, టీచరు. భర్త పోయాడు. సంఘంలో మంచి సాక్ష్యం ఉన్న మనిషి. మీరు ఊఁ అంటే..."

"అది ప్రేమ కాదండి," అన్నాడు సువార్తరావు. "పోట్లాట. కొరుక్కుంటున్నాయి."

"అలాగా? నేను ముద్దనుకున్నాను."

సువార్తరావు తొట్టి దగ్గరకు వెళ్ళాడు. జంట ఎందుకు కొరుక్కుంటుంది? వంగి చూశాడు. ఒక చేప అటు తిరిగింది, రెండు మీసాలు. రెండోది ఇటు తిరిగింది, రెండు మీసాలు.

"ఒంటిమీసం ఏది?"

పెర్సిస్ గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది.

"మళ్ళీ మొలిచిందేమో బావగారూ," అన్నాడు రాజ్ కిరణ్.

"ఇన్నేళ్ళూ మొలవనిది ఇప్పుడు మొలిచిందా?"

"ముందు చేతులు కడుక్కోండి, భోంచేద్దాం. తర్వాత చూద్దాం. పెర్సిస్, వడ్డించు."

సువార్తరావు స్నానాలగదిలోకి వెళ్ళాడు. అలవాటుగా ఎర్ర కుళాయి తిప్పి చేతులు పెట్టాడు. చర్మం ఊడివచ్చినంత మంట. చెయ్యి వెనక్కి లాక్కుని తలెత్తాడు. గీజర్ మీద ఎర్ర లైటు వెలుగుతోంది. స్విచ్చి పక్కన నల్లటేపు సగం ఊడి, ఎండిన అరటి తొక్కలా వేలాడుతోంది. దాన్ని పూర్తిగా పీకి చేతిలో పట్టుకుని హాల్లోకి వచ్చాడు. కాలిన వేళ్ళకు ఆ జిగురు అంటుకుంది.

"ఇది ఎవరు తీశారు?"

పాస్టరుగారు కంచం ముందు సర్దుకున్నాడు. "నేను పొద్దున్నే వేన్నీళ్ళు లేకపోతే స్నానం చేయలేను బ్రదర్. చిన్నప్పటి అలవాటు. కిరణ్ బ్రదరే వేశారు."

"నీలం కుళాయిలో వేన్నీళ్ళు రావడం లేదా కిరణూ? ఆ సంగతి నీకు తెలీదా?"

"తెల్లవారుజామున అవి గోరువెచ్చగానే ఉంటాయి కదండీ. ఆయనకి బాగా కాగాలి. పెద్దాయన. రాకరాక వచ్చారు."

"నా టేపు పీకి స్విచ్చి వేశావు. వేసి పెర్సిస్‌కి చెప్పలేదు."

జరిగింది చెప్పింది పెర్సిసే. ఏడుస్తూ చెప్పింది. గొట్టం తొట్టిలో వేసి, కుళాయి తిప్పి, వంటింట్లోకి వెళ్ళింది. ఆ రోజు ప్రార్థనకు వచ్చేవాళ్ళ కోసం బిర్యానీ దమ్ములో ఉంది. తిరిగొచ్చేసరికి తొట్టి అద్దాలకు ఆవిరి పట్టింది. పిల్లలు బియ్యపు నూకలా నీళ్ళ మీద తేలుతున్నాయి. ఒంటిమీసం ఆకు కింద పక్కకు ఒరిగి ఉంది. మగది ఇంకా కాసేపు కొట్టుకుంది.

"మీకు తెలిస్తే తట్టుకోలేరని..." అంది.

"ఎక్కడ పడేశారు?"

"కింద బలదియా చెత్త డబ్బాలో అన్నయ్యగారూ. బిర్యానీ ప్లేట్లతో పాటు కవర్లో కట్టి."

"తర్వాత సూక్‌కి వెళ్ళి వీటిని తెచ్చారు."

"అచ్చం అలాగే ఉన్నాయని కొట్టువాడు కూడా అన్నాడండీ," అన్నాడు రాజ్ కిరణ్. "మీ మంచి కోసమే చేశాం. పొరపాటే, కాదనను. కానీ బావగారూ, ఎంతైనా చేపలే కదా."

పొరపాటు అయితే పొరపాటే. సువార్తరావు ప్లాంటులో పొరపాట్లు చూశాడు. వేళ్ళు పోయినవాళ్ళను చూశాడు. వచ్చి, చేశాను అని చెప్పినవాడితో మళ్ళీ కలిసి టీ తాగాడు. వీళ్ళు చెప్పలేదు. తాము చంపి, చచ్చినవాటి మీద నెట్టారు. ఎన్నిసార్లో తప్పి, చివరికి ఒక్కసారి పిల్లల్ని నోట్లో పెట్టుకుని కూడా మింగకుండా ఉమ్మిన ఆ తల్లిదండ్రుల మీద నెట్టారు. ఆ మాట పట్టుకుని తను లూర్దమ్మను తప్పుపట్టాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు తాగి, ఇప్పుడు మూతి కూడా అతని లుంగీకే తుడుచుకుంటున్నారు.

"క్షమాపణ గొప్పది బ్రదర్," అన్నాడు పాస్టరుగారు. "మనం క్షమించకపోతే..."

"మీరు అన్నం తినండి. తిన్నాక ఆ లుంగీ విప్పి ఇక్కడ పెట్టి వెళ్ళండి."

"బావగారూ, ఆయన దైవజనుడు."

"నువ్వూ వెళ్ళు. తాళంచెవి ఇచ్చి వెళ్ళు."

"అక్క ఉంటే ఇలా అనేదా?"

"అక్క ఉంటే నువ్వు టేపు పీకేవాడివా?"

వాళ్ళు వెళ్ళారు. పెర్సిస్ గిన్నెలన్నీ కడిగి మరీ వెళ్ళింది. గుమ్మంలో ఒకసారి ఆగింది. సువార్తరావు అటు తిరగలేదు. మర్నాడు ఆ రెండు చేపల్ని సంచిలో నీళ్ళతో సహా పట్టుకెళ్ళి మలబారీ కొట్టులో వదిలి వచ్చాడు. వాటి తప్పేమీ లేదు. అయినా అవి ఇంట్లో ఉండడానికి వీల్లేదు. తొట్టి కడగలేదు. వెడల్పాకు ఉడికి గోధుమరంగుకు తిరిగి అందులోనే ఉంది.

ఏడాది తిరిగి లూర్దమ్మ పోయిన రోజు వచ్చింది. సంఘంవాళ్ళు జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. దోహాలో, ఒక పెద్ద విల్లా హాల్లో. ఆమెతో పనిచేసిన నర్సులు వచ్చారు, ఆమె చేతుల్లో పుట్టిన పిల్లల్ని తీసుకుని కొందరు తల్లులు వచ్చారు. రాజ్ కిరణ్, పెర్సిస్ మూడో వరసలో తేలు కుట్టిన దొంగల్లా కూర్చున్నారు. ఈలోగా రాజ్ కిరణ్ చాలామందితో చెప్పుకున్నాడు, బావగారికి మతి చలించింది, చేపల కోసం భార్య తోడబుట్టినవాణ్ణి తరిమేశాడు అని. సువార్తరావు చెవిన అదీ పడింది. చేపల కోసం అన్నాడట. ఎందుకోసమో రాజ్ కిరణ్‌కు ఇంకా తెలియలేదు.

పాటలయ్యాయి. ప్రార్థన అయింది. సంఘపెద్ద, "బ్రదర్ సువార్తరావు సిస్టర్ గురించి రెండు మాటలు చెబుతారు," అన్నాడు.

సువార్తరావు లేచాడు. చేతిలో కాగితం లేదు. ఊళ్ళో సమాధి దగ్గర చెప్పాల్సిన మాట ఇక్కడ చెప్పాల్సి వచ్చింది, ఆమెను ఎరిగిన మనుషుల ముందు.

"లూర్దమ్మ దగ్గర ఏంజెల్ చేపల జంట ఉండేది," అన్నాడు. "అవి పిల్లల్ని పెంచడం నేర్చుకుంటాయని ఆమె అనేది. నేర్చుకున్నాయి. తినేశాయని నాకు చెప్పారు. నేను నమ్మి, నీకేం తెలీదు అని ఆమెను అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అవి తినలేదు."

హాల్లో చాలామందికి అర్థం కాలేదు. ఒక చంటిబిడ్డ ఏడిస్తే తల్లి ఊరుకోబెట్టింది. మూడో వరసలో పెర్సిస్ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాజ్ కిరణ్ లేచి నిలబడి, రెండు చేతులూ జోడించి, "బావగారూ, అందరి ముందూ అడుగుతున్నాను..." అన్నాడు.

సువార్తరావు అతని వైపు చూడలేదు. సంఘపెద్ద వైపు చూశాడు.

"ఈ సంగతి నేను మళ్ళీ ఎత్తను," అన్నాడు. "నా దగ్గర ఎవరూ ఎత్తొద్దు."

కూర్చోకుండా, నడవా వెంబడి నడిచి, చెప్పులు వెతుక్కుని, అల్ ఖోర్ బస్సు దగ్గరకు వెళ్ళిపోయాడు.